యాబై మీద ఇరవై

ఏం చూస్తాండావు జ్యోతీ ఆ ఫోన్లో? చీరనా? యాబై తగ్గింపు, దానిమీద ఇంగా ఇరవై అంటనా? వద్దులేమ్మా, ఆ లెక్క జోలికి పోవద్దు. ఆ లెక్కతోనే మీ అవ్వ తమ్ముడు వీరభద్ర నాకు దూరమాయ. నీకు గుర్తుండడులే, అప్పుడు నువ్వు చిన్నపాపవు. కర్నూల్లో ఒక బట్టలంగట్లో బిల్లులు రాసేటోడు. ఎంత ఎండకైనా చొక్కా గుండీలు గొంతుదంకా పెట్టుకొనేటోడు. మాట తక్కువ. ఏమన్నా అడిగితే ముందు ఒక నవ్వు నవ్వి, ఆ తర్వాత చెప్పేటోడు.

మీ చిన్నాయన పెండ్లికి గుడ్డలు తీసుకుందామని పోతిమి. కొత్త పన్ను వచ్చిన ఏడు అది. ఓర్వకల్లు కాడ బస్సెక్కితిమి... కాదు కాదు, ఆ దినము జీపు మాట్లాడుకొంటిమి. నేను, మీ అవ్వ, వియ్యంకుడు, వాళ్ళోళ్ళు ఇంగో ఇద్దరు. అంగడి ముందర ఇంతింత అచ్చరాలు, యాబై, దాని పక్కన ఇరవై. రెండూ కలిపితే ఎంత? డెబ్బై. ఎద్దుల బేరాలు చేసినోన్ని, ఆ మాత్రం తెలీదా నాకు? పదివేల గుడ్డలు తీసుకొంటిమి. ఏడువేలు పోతాది, మూడువేలు ఇయ్యల్ల, నూటికి ఐదు పన్నంటే నూటయాబై. ఆ దుడ్లు ఎంచి జేబులో వేరే పెట్టుకొంటి. బిల్లు రాసింది వీరభద్రనే. చూస్తే నాలుగువేల రెండునూర్లని ఉండాది.

"ఏరా, డెబ్బై తగ్గల్ల గదా" అంటి. "లేదు బావా," అంటాడు మెల్లగా, "ముందు యాబై తీస్తే ఐదువేలు మిగుల్తాది. ఇరవై తీసేది ఆ ఐదువేలల్లోనే, పదివేలల్లో కాదు. వెయ్యి పోతే నాలుగువేలు. దానిమీద పన్ను రెండునూర్లు." పదివేలకు ఇరవై అంటే రెండువేలు గదమ్మా, వెయ్యెట్లాయ? నాకు ఎక్కలే. వియ్యంకుడు పక్కనే నిలబడి చూస్తాండాడు. "సొంత అక్క మొగునికే టోపీ పెడతాండావా" అని అందరి ముందర అనేస్తి. అంగడంతా తిరిగి చూసె. వాడు నా మొగం చూసె, వియ్యంకుని మొగం చూసె, బిల్లు చింపేసి ఇంగొకటి రాసె. మూడువేల నూటయాబై. "నాదే తప్పు బావా, పొరపాటు పడితి" అన్న్యాడు.

ఎట్ల పట్టుకొంటి చూస్తిరా అని జీపులో దారి పొడుగునా చెప్పుకొంటా వస్తి. మీ అవ్వ మొగం రోడ్డు దిక్కు తిప్పుకొని కూచునె. ఊర్లో కూడా చెప్తి, శానామందికి చెప్తి. ఆ మాట ఆ నోటా ఈ నోటా అంగడాయప్ప దంకా పోయి, వాన్ని బిల్లుల కాన్నించి తీసేసి గుడ్డలు మడతపెట్టే పనికి పెట్టినారంట. పెండ్లికి వచ్చె, అక్షింతలేసె, తినకుండా పాయ. తప్పు చేసినోడు గదా, సిగ్గుపడినాడు అనుకొంటి. మల్లా రెండేండ్లకు గుండెనొప్పొచ్చి పాయ. దినాలప్పుడు వాని పెండ్లాము హులిగెమ్మ, "ఆ వెయ్యిన్ని యాబై మా ఇంటాయప్ప జీతంలో పట్టుకున్న్యారన్నా" అనె. నన్ను తప్పు పట్టి కాదు, ఊరికే అన్నట్లు అనె.

అప్పటినుంచీ లెక్కేస్తానే ఉండా. ఒకతూరి నాలుగువేల రెండునూర్లు వస్తాది, ఒకతూరి మూడువేల నూటయాబై వస్తాది. తప్పు లేకపోతే వాడెందుకు బిల్లు చింపల్ల చెప్పు? మొన్న మీ అవ్వను అడిగితి, నీకు ఆ పొద్దే తెలుసునా అని. చేట పక్కన పెట్టి, "తెలుసు. నువ్వు వియ్యంకుని ముందర అడిగితివి. ఆయప్ప ముందర నీకు లెక్క రాదని వాడు చెప్పల్లనా?" అనె.

నువ్వే వేసి చూడు ఆ ఫోన్లో. పదివేలు కొట్టు. యాబై తియ్యి. ఆ... ఇప్పుడు ఇరవై. ఎంత? సరిగ్గా చూడమ్మా. పన్ను ముందేసి, ఆ తర్వాత తగ్గించి చూడు, అట్లన్నా మారుతాదేమో. అదే వస్తాండాదా? యాడ పట్టినా నాలుగువేల రెండునూర్లేనా?

...

కరెంటొచ్చినట్లుండాది. పోయి మోటరెయ్యి పో తల్లీ.