చెల్లాయమ్మ దూకలేదు

గవరమ్మని ఒకావిడుంది మా పైగూడెంలో. అరవై దాటిపోయాయి, ఎడం మోకాలు మడత పడదు, నోరు మాత్రం ఆగదు. ఈ గవరమ్మకి అమ్మమ్మే చెల్లాయమ్మ. మా కొండ మీంచి నీళ్ళు పడతాయి చూడు, ఆ జలపాతానికి కిందూరోళ్ళు చెల్లాయమ్మ దూకుడు అని పేరెట్టారు. ఎందుకూ అంటే, ఆవిడ అక్కణ్ణుంచి దూకి చచ్చిపోయిందంట. అంట అంటున్నాను, అలాగే రాసుకో బాబూ, అది కిందూరోళ్ళ అంట, మాది కాదు. మా అంట వేరే ఉంది. ఆ రోజుల్లో కిందూరి మునసబు చెల్లాయమ్మని వెట్టికి రమ్మన్నాడంట. రానందంట. రాకపోతే కొండెక్కే దారి నాది, దాని మీద నీ కాలు పడితే విరగ్గొడతానన్నాడంట. ఇంక చూసుకో, పోడు చేను పైన, మేకలు పైన, మనిషి కింద. ఏం చేస్తాది? నీ దారి నువ్వే ఉంచుకో అనేసి, గునపం పుచ్చుకుని, నీళ్ళ పక్కన నిలువు రాతిలో కాలు పట్టేంత గుంటలు తొలుచుకుంటా తొలుచుకుంటా పైకెక్కిపోయిందంట. మళ్ళీ దిగలేదు. మునసబుకి తల కొట్టేసినట్టయిపోయింది. ఓ ఆడది నన్ను కాదని ఎక్కిపోయిందని ఎలా చెప్పుకుంటాడు? అందుకని సిగ్గుతో దూకి చచ్చిందని ఊరంతా చెప్పించాడు. కిందూళ్ళో ఆయన మాటంటే మాటే. మమ్మల్నెవడడిగాడు?

సరే, ఏమైందంటే, మొన్నామధ్య సినిమావోళ్ళొచ్చారు. వాళ్ళూ మమ్మల్నడగలేదు, మునసబు మనవణ్ణడిగి కథ రాసుకున్నారు. కిందూరి హాల్లో శనివారం మొదటాటకి ఆ సినిమా వేశారు. గూడెం గూడెమంతా ట్రాక్టరెక్కి వెళ్ళాం. నేనూ గవరమ్మా పక్కపక్కనే కూచున్నాం. సినిమాలో చెల్లాయమ్మ ఎంత బావుందనుకున్నావ్! మునసబు నలుగురిలో నానా మాటలూ అంటే, పాపం, ఒక్కర్తీ కొండ అంచుకెళ్ళి, వెనక్కి తిరిగి తన గుడిసెకి దణ్ణం పెట్టుకుంది. హాలంతా ఏడుపే అనుకో. ముక్కులు చీదుకునే చప్పుడికి మాటలే వినపళ్ళేదు. నేనూ ఏడ్చాను. గవరమ్మా ఏడ్చింది, అబద్ధమెందుకు, కొంగు తడిసిపోయింది. ఇంతలో తెర మీదావిడ దూకింది. దూకిందో లేదో, గవరమ్మ లేచి నిలబడి, "దూకలేదు!" అంది.

కూచోవే అని నేను కొంగు పట్టుకుని లాగాను. తప్పే, ఒప్పుకుంటున్నా, నలుగురిలో నాకు భయం. అది విదిలించుకుని వెళ్ళి తెరకి అడ్డంగా నిలబడింది. సినిమాలో నీళ్ళన్నీ దాని మొహం మీద పడతన్నాయి. వెనకనించి ఈలలు, ఏయ్ ముసల్దానా తప్పుకో అని కేకలు. గేటు దగ్గరాయన టార్చిలైటు కళ్ళల్లోకేశాడు. అది కదిల్తేనా! "దూకి చచ్చినామె కడుపున నాలుగేళ్ళ తరవాత మా అమ్మెలా పుట్టింది? నేనెక్కణ్ణుంచి ఊడిపడ్డాను?" అంది. నవ్వారు ఎదవలు. ముందు వరసలో ఒకమ్మాయి, పట్నం నించి ఆదివారం జలపాతం ఎక్కుదామని స్నేహితులతో వచ్చిందంట, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయున్నాయి. మామ్మగారూ, ఆవిడ పరువు కోసం ప్రాణమిచ్చింది, అది గొప్పే కదండీ అంది. "నాకూ ఏడుపొచ్చిందమ్మా, అదే నా మంట," అంది గవరమ్మ. "మా అమ్మమ్మ పరువు కోసం చావలేదు, బతికింది. రేపు పొద్దున్న రండి, చూపిస్తాను." మోకాలు మడవలేని మనిషి ఏం చూపిస్తాది?

తెల్లారి వచ్చారు, పట్నమోళ్ళు ఎనిమిది మంది, బూట్లూ వీపు సంచులూను. వాళ్ళ వెనకాల తమాషా చూద్దామని కిందూరోళ్ళు ఓ యాభై మంది. మునసబు మనవడూ వచ్చాడు. గవరమ్మ కొడవలి తీసి నీళ్ళ పక్కన రాతి మీద నాచు గీకింది. గుంట. దాని పైన ఇంకో గుంట. ఎవడో మేకలోడు తొలుచుంటాడులే అన్నాడు మనవడు. గవరమ్మ చీర ఎగ్గట్టి మొదటి గుంటలో కాలు పెట్టింది. మొత్తం పదిహేడు, ఏ గుంటలో ఏ కాలెట్టాలో వాళ్ళమ్మ చిన్నప్పుడే నేర్పింది దానికి. ఒకటి ఎడం, రెండు కుడి అని పైకి అనుకుంటా ఎక్కుతంది. తొమ్మిదోది ఎడం కాలు, బాగా ఎత్తులో ఉంది. మోకాలు మడవాలి, మడత పడదు. ఆగిపోయింది. మీద నీళ్ళు, కింద బండలు. చాల్లే దిగిపోవే అని అరవబోయాను. రాత్రి దాని కొంగు లాగిన చెయ్యి ఇదే కదా అని గుర్తొచ్చి సిగ్గేసింది. "ఎక్కవే గవరమ్మా!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. అది ఒక చేత్తో చెట్టు వేరు పట్టుకుని, రెండో చేత్తో తన కాలు తనే ఎత్తి గుంటలో పెట్టుకుంది. పది, పదకొండు, పన్నెండు, ఇంక ఆగలేదు. పైకెళ్ళి చతికిలబడి, ఊపిరి తీసుకుని, కిందకి వంగి మునసబు మనవణ్ణి అడిగింది. "ఏం బాబూ, దూకేదానికి మెట్లెందుకు?"

వాడు బూటుకంటిన బురద రాయికి గీక్కున్నాడు. ఆ పట్నం పిల్ల మళ్ళీ ఏడ్చింది. ఇప్పుడెందుకమ్మా అని నేనంటే, తెలీదండీ అంది.

ఆ సినిమా ఇంకో వారం ఆడింది. తెర మీద చెల్లాయమ్మ అంచు దగ్గరికి రాగానే మా గూడెమోళ్ళం హాల్లో లేచి, దూకలేదూ అని కేకెట్టేవాళ్ళం. ఆఖరి రోజుకి కిందూరోళ్ళు కూడా అరిచారు. తెర మీదావిడ మాత్రం దూకుతానే ఉంది, బొమ్మతో ఏం వాదిస్తాం. రోడ్డు మీద దూకుడని రాసిన బోర్డూ అలాగే ఉంది. ఎవరైనా చెల్లాయమ్మ దూకుడు ఎటండీ అనడిగితే, అలాంటిది ఇక్కడ లేదని పంపించేస్తాం. అదీ సంగతి. ఏదీ బాబూ, నువ్వు రాసుకుందోసారి చదువు. ఇందాక నేను అలవాటు కొద్దీ ఎక్కిపోయిందంట అన్నాను కదా, అక్కడ అంట కొట్టెయ్. ఎక్కింది అని రాయి.