పురుగు తిన్న నాలుగు లైన్లు

ఫొటో, ఫొటో అని గట్ల తొందర పెట్టకు సుభాషిణీ! నేనేమన్న పారిపోతాన్ననా? చాయ్ పెట్టిన, తాగు. మీ సార్ నమాజుకు పోయిండు. మసీదు నుంచి మన గేటు దాక నూట అరవై అడుగులు, లెక్కపెట్టుకుంట వస్తడు. ఇంక పావుగంటన్న ఉన్నది.

ఆ పావుగంటల్నే చెప్పాలె నీకు. ఆయన ముందట నాకు నోరు లేవది.

సోమవారం మీటింగు సంగతి నాకు తెల్వదా? హైదరాబాదుల పెద్ద హాలు. ఫొటో తెర మీద ఏస్తరు, ఆ లైను ఏడున్నదో జలాల్ సార్ వేలు పెట్టి చూపియ్యాలె. అంతేగద? ఎవరో పరదేశపాయన ఉత్తరం రాసిండట, రెండు వందల ఏండ్ల కింది సిరియాక్ కితాబుల గసొంటి మాట ఉండనే ఉండదని. అసలు కితాబేమో కేరళ వరదల్ల కొట్టుకపాయె. ఇగ ఆ లైనున్న పేజీకి దునియా మొత్తంల మిగిలింది సార్ తీసిన ఆ ఒక్క ఫొటో.

నీకు ఆయన ప్రొఫెసర్ సాబ్. నాకు మాత్రం వర్ధన్నపేట జలాలే. అరబ్బీ చదువ పోయినోడు, ఏసు కాలపు భాష అని ఈ సిరియాక్ ఎంట పడె. మసీదుల నవ్విండ్రు. చర్చిలోళ్లు అనుమానపడ్డరు. ఆయన వింటేగా! సెలవు దొరికితె కేరళ, ఆ భాష పాత కితాబులు ఆడి చర్చిలల్లనే ఉంటయట. మా బిడ్డ ఆసిమా పుట్టిన నాడు గూడ ఏదో చర్చిల కెమెరా పట్టుకొనే ఉన్నడు. ఆ కితాబు ఫొటోలు మాత్రం దాచిపెట్టిండు. రిటైరైనంక తీరుబాటుగ చదువుత అనేటోడు.

రిటైరయిండు. కండ్లు పోయినయి.

మసక అని మీకందరికి చెప్తడు. మసక గాదు బిడ్డా, చీకటే. షుగర్ తినేసింది. ఆరేండ్లాయె. "ఎవరికన్న చెప్తివా, నా పేరు మట్టిల కలుస్తది" అని ఒట్టేయించుకున్నడు.

మరి ఆ కితాబు ఎవరు చదివిండ్రనుకున్నవ్? నేను! గిట్ల చూడకు. ఖురాన్ చదివినదాన్ని, కుడి నుంచి ఎడమకు చదువుడు నాకేం కొత్త? నా అరచేతుల వేలుతోని ఒక్కొక్క అక్షరం రాసి నేర్పిండు. నేను అక్షరాలు చెప్తె ఆయన మాట కట్టేటోడు. రాన్రాను మాటలు నాకే తెలువవట్టె. కితాబును క్తావా అంటరు, సలామును శ్లామా అంటరు. పరాయోళ్ల భాషేం గాదు.

ఆఖరి పేజీల, రాసినాయన తన పేరు చెప్పుకొని "పాపిని, నా కోసం దువా చెయ్యండి" అంటడు. అది వాళ్ల రివాజు. ఆ పేరు కింద నాలుగు లైన్లు పురుగు తిన్నది.

"తర్వాత?" అన్నడు. పురుగు తిన్నదన్న. ఆ నాడు అన్నం ముట్టలే. తెల్లారి మళ్ల, "తర్వాత? జర మంచిగ చూడు బేగం." మూడో నాడు, ముందు పేజీలల్ల మాటలే ఏరి, ఒక్కొక్క అక్షరం చెప్పిన. "నేను రాస్తాంటె నా భార్య దీపం పట్టుకున్నది. చదివేటోళ్లు ఆమె కోసం గూడ దువా చెయ్యండి."

ఎందుకు కలిపినవంటె ఏం చెప్పాలె! ఆయన పుస్తకాలు తెరిచి చూడు, లైబ్రరీల చాయ్ తెచ్చినోనికి గూడ షుక్రియా ఉంటది. నా పేరు ఏడన్న ఉన్నదా?

ఆయన ఏడ్చిండు బిడ్డా. "ఈ లైను నా కండ్లార చూసిన" అని అచ్చేయించిండు. ఇగ దేశదేశాలల్ల ఆ ఒక్క లైను మీదనే మాట్లాడవట్టిరి. నేను ఇంట్ల బియ్యం ఏరుకుంట కూసున్న.

ఆ పేజీల అడుగున ఇంకో లైను ఉన్నది. అది పురుగు తినలే, నేను కలపలే. "ఈ కితాబుల ఎవరు అక్షరం కలిపినా, తుడిచినా, కాల్చినా, వాళ్ల ఇంట్ల దీపం ఆరాలె." సార్ నవ్విండు, గిట్ల రాసుడు మామూలే అన్నడు. నాకైతె నవ్వు రాలే.

ఇంకో ముచ్చట. ప్రతి నమాజు అయినంక ఆయన ఆ దీపం పట్టినామె కోసం దువా చేస్తడు. పర్దా ఎనుక నిలబడి వింట. నలభై ఏండ్లల్ల నా పేరు మీద ఒక్కపారి చేసిండా అంటె, నేను వినలే. లేని ఆడిదాని మీద మాత్రం రోజుకు ఐదుసార్లు. ఆ లైను లేదని తేలితె ఆ దువా గూడ పోతది, ఎట్ల పోగొట్టుకోవాలె చెప్పు?

ఫొటో లేదు సుభాషిణీ. పొద్దుగాల పొయ్యి మీద పెట్టిన. ఆ పాపి పేరు, ఆయన అడుక్కున్న దువా, అన్ని పోయినయి. కాలుడు కాంగనే పొయ్యి దానంతట అదే ఆరింది. నిన్ననే సిలిండర్ మార్చినం. మళ్ల ముట్టియ్య నాకు చేతులు రాలే. ఈ చాయ్ పక్కింట్ల కాసుకొచ్చిన.

ఇగో కవరు. ఇది వేరే ఫొటో. ఆ రీలుల ఆఖరిది ఒక్కటి మిగిలితె, ఖరాబు చేసుడెందుకని, కేరళ నుంచి ఇంటికొచ్చినంక ఈడ కోట కాడ నన్ను నిలబెట్టి తీసిండు. అదే సైజు, అదే కాయితం. తడిమితె తేడా తెలువది. సోమవారం ఇదే ఎత్తి పట్టుకొని అందరి ముందట, "నా కండ్లార చూసిన" అంటడు.

అబద్ధమేం గాదు గద. చూసే తీసిండు.

అదిగో, కట్టె చప్పుడు. నూట యాభై అయినయి. చెప్తవో, చెప్పవో నీ ఇష్టం. చాయ్ చల్లారుతాంది, తాగు.