విడదీసిన జత

(క్యుబెక్‌లోని పాత కోట ఊరు. చర్చి మెట్లు. ఓడ కదలడానికి ఇంకా అరగంట.)

"బేబీ, షూ పోయిందే."

"చూపు పోయిందా? అయ్యయ్యో, నా చెయ్యి పట్టుకోండి. కూర్చోండి ముందు."

"చూపు కాదే, షూ. కుడికాలిది."

"ఎడమది చేతిలో ఉందిగా. కుడిది ఎక్కడ విప్పారు?"

"ఆ కోట గోడ మీద. ఫిరంగి పక్కన. ఇప్పుడెళ్ళి చూస్తే లేదు."

"చర్చి ఇక్కడుంటే షూ అక్కడా?"

"రెండూ ఒక్కచోటే విప్పితే ఎత్తుకుపోతారని. గుడి దగ్గర అలాగే కదా చేస్తాం."

"ఇక్కడ అందరూ షూలతోనే లోపలికెళ్ళారండీ. మీరొక్కరే చెప్పుల స్టాండు వెతికారు. పోతే పోయింది, వట్టికాళ్ళతో నడవండి. మన గుంపు ఎటు పోయిందో ఏమో."

"ఓడ కార్డు అందులో ఉందే. జేబుదొంగలుంటారని సాక్సులో పెట్టి, సాక్సు షూలో కుక్కా."

"కార్డు లేకపోతే..."

"ఎక్కనివ్వరు."

"మరి అత్తయ్యగారు?"

"అదేగా. అమ్మ ఒక్కతే ఉంది ఓడలో. ఇంగ్లీషు ముక్క రాదు. మోకాళ్ళు నొప్పి, నువ్వు పడుకో, ఇలా వెళ్ళి అలా వస్తామన్నా."

"ఫోన్ చేద్దాం."

"నాది అమ్మకిచ్చా. నీది?"

"ఫొటోలు తీసీ తీసీ ఛార్జింగ్ అయిపోయింది."

"టూరు కాదే ఇది, ఉసూరు. చెప్పు పోయిందని ఎవరికి చెప్పుకోను? క్యుబెక్‌లో బెకబెకమంటే ఎవరు వింటారు?"

"ఇప్పుడు కూడా జోకులేనా?"

"వణుకొస్తోందే, అందుకు. నీ కార్డుందిగా, నువ్వెళ్ళు. అమ్మ దగ్గరుండు."

"మిమ్మల్ని ఒంటి షూతో ఇక్కడ వదిలేసా? వెళ్ళను."

"వెళ్ళు బేబీ. లేచి చూస్తే ఎవరూ కనపడరు ఆవిడకి."

"వీరభద్రం అంకుల్, ఇక్కడున్నారా? హమ్మయ్య."

"ఎవరూ, మిల్టన్ ఊరి వంశీధరా? మన గుంపేదయ్యా?"

"గోడ కింద మీకోసం వెతుకుతోంది అంకుల్. పోలీసులు కూడా."

"గోడ కిందా? ఎందుకూ?"

"గోడ అంచున ఒక్కటే షూ, అందులో మీ కార్డు. మీరు దూకేశారనుకుంది గైడు. ఏడుస్తూ ఓడ ఆపించింది."

"అమ్మకి చెప్పేశారా?"

"మా ఆవిడ రాగిణి ఓడలోనే ఉందిగా. నేను పంపిన షూ ఫొటో చూపించి అడిగింది."

"అయ్యో... ఏమైందయ్యా ఆవిడకి?"

"ఏం కాలేదు, నవ్వారు. 'వాడు దూకలేదమ్మా. జత విడదీయమని నేర్పింది నేనే. రెండోది ఏ గుడి ముందో ఉంటుంది, వాడూ అక్కడే ఉంటాడు, చూడండి' అన్నారు. ఫోన్ స్పీకర్లో పెట్టి, పోలీసులతో సహా అందరికీ ఇంగ్లీషులో చెప్పి, ఈ చర్చికి పరుగెత్తుకొచ్చా."