మేస్త్రీ కొట్టిన పాటల పెట్టె

ఫిదెన్సియో మేస్త్రీ డిక్కీకి తాడు కట్టాడంటే లోపల ఏదో ఘనకార్యం దాగుందని బనీ ఊళ్లో కుర్రాళ్లందరి నమ్మకం. ఆ సాయంత్రం ఆ తాడు వంక చూసి చూసి వాండెల్ కళ్లు కాయలు కాశాయి.

కారు వాళ్ల నాన్నది. ఎరుపు వెలిసిపోయిన పాత కారు. నెలకు పైగా మేస్త్రీ పెరట్లో పడుండి, ఇవాళే దమాసో తాత కొట్టు ముందుకొచ్చి నిలబడింది. డిక్కీ నిండా కొత్త పాటల పెట్టె. ఇవాళ మిలేదిస్ పుట్టినరోజు. పొద్దు వాలేలోగా ఆమె కిటికీ కింద కారాపి ఒకే ఒక్క పాట వినిపించాలి. ఆ మాట నిన్న రొట్టెల దుకాణం దగ్గర నేల చూపులు చూస్తూ చెప్పేశాడు కూడా. "వింటాలే" అందామె. ఆ చివరి "లే" పట్టుకుని రాత్రంతా దొర్లాడు.

"మేస్త్రీ, ఒక్కసారి మోగించి చూద్దాం," అన్నాడు తాళంచెవి వేలికి గిరగిరా తిప్పుతూ.

"జిగురు ఆరాలి నాయనా. తడి జిగురు మీద మోగిస్తే ఏమవుతుందో నీకేం తెలుసు? కూర్చో." మేస్త్రీ చల్లటి బీరు సీసా నుదుటికి ఆనించుకున్నాడు. "పోయినేడు సముద్రపొడ్డున ఉప్పు పండించే సాలినాస్‌లో చేపలమ్మే తోరిబియో బండికి చిన్న సెట్టు బిగించాను. చిన్నదే, అబద్ధమెందుకు? రెండంటే రెండు స్పీకర్లు. మీట నొక్కగానే ఎదురింటి అరుగు మీదున్న గ్లాసు దానంతటదే జరుక్కుంటూ అంచు దాకా వచ్చింది. పడిందా? పడలేదు. అంచున ఆగింది. అదీ పనితనమంటే."

"మా ఫ్రిజ్ గుర్రుమన్నా గ్లాసు జరుగుతుంది," అన్నాడు దమాసో తాత, డోమినో బిళ్ల టపీమని బల్ల మీద కొట్టి.

మేస్త్రీకి రోషం వచ్చింది. "ఫ్రిజ్‌తో పోలుస్తావా తాతా! నేనింకా సౌండు పెంచనేలేదు! కొంచెం, గోరంత పెంచానా, వీధిలో మామిడికాయలన్నీ జలజలా రాలాయి. పచ్చివి కావు సుమా, పండినవే. పచ్చివి కొమ్మ పట్టుకుని అలాగే ఉన్నాయి. నా బేస్‌కి ఆ మాత్రం విచక్షణ ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కరెంటు పోయుంటుంది," అన్నాడు తాత.

"పోయింది! ఊరంతా పోయింది. ఊరి కరెంటంతా నా యాంప్లిఫయరే తాగేసింది మరి. అయినా పాట ఆగితేగా! ఆ వీధిలో కిడ్నీలో రాయితో మంచం పట్టినవాడు ఒకడున్నాడు. రాయి కాస్తా పిండై పోయింది. లేచొచ్చి నా చెయ్యి ముద్దెట్టుకున్నాడు."

వాండెల్ మోకాలు ఆగకుండా ఊగుతోంది. ఎండ కొట్టు మెట్టు దిగి రోడ్డు మీదికి జారింది. ఈపాటికి ఆమె తల దువ్వుకుని కిటికీ దగ్గరికి వచ్చుంటుందా? పసుపు గౌను వేసుకుందా?

"జిగురు ఆరుంటుంది మేస్త్రీ."

"ఆగవోయ్, అసలు సంగతి ముందుంది. సౌండు సగానికి పెట్టాను. ఉప్పుమడుల్లో ఉప్పంతా లేచింది! లేచి, తాళానికి తగ్గట్టు ఎగురుకుంటూ పోయి, గోతాల్లో పడి, మూతులు కూడా తనే కట్టుకుంది. సముద్రం చూస్తే, అలలు రావడం మానేసి దరువు కోసం ఎదురుచూస్తున్నాయి. దబ్ అంటే ఒక అల. దబ్ అంటే ఇంకో అల. భయమేసి పాట ఆపేశాను. ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు వాండెల్, అడక్కూడదనుకుంటూనే.

"పాట ఆగలేదు! తీగలు పీకినా ఆగలేదు. కొండ దాటిపోయింది. మంగళవారం వెనక్కొచ్చింది, కొంచెం బొంగురుపోయి. ఇప్పటికీ నెలకోసారి ఊరి మీంచి వెళ్తుంటుంది."

"అయితే ఆ పాటనే మిలేదిస్ ఇంటి మీంచి పొమ్మని చెప్పు. కుర్రాడి ప్రాణం కుదుటపడుతుంది," అన్నాడు తాత.

ఆ పేరు గాల్లో ఉండగానే మిలేదిస్ మలుపు తిరిగి వచ్చింది. పసుపు గౌనే! వాండెల్ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

"తాతా, మా చుక్కల కోడిపెట్ట ఇటేమైనా వచ్చిందా? మూడు వారాలై ఇంటి మొహం చూడలేదు. వీధులన్నీ వెతికాను," అంది. తర్వాత వాండెల్ వైపు ఓరగా చూసి, "కిటికీ దగ్గర కూడా చాలాసేపు నిలబడ్డాను," అంది.

వాండెల్ నోరు తెరిచేలోగా డిక్కీలోంచి "క్రొక్" మని వినిపించింది.

మిలేదిస్ చెవి రిక్కించింది. మేస్త్రీ చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. "జిగురమ్మా, జిగురు! తడి!" ఆమె అతని చంక కింద నుంచి దూరి తాడు ముడి విప్పేసింది. మూత లేచింది.

నున్నగా చెక్కిన పెట్టె. స్పీకర్లు ఉండాల్సిన చోట గుండ్రంగా రెండు బొక్కలు, వాటి మీద నల్లగుడ్డ. ఒకవైపు గుడ్డ పక్కకి జరిగుంది. ఆ చీకట్లో చుక్కల పెట్ట రెక్కలు ఉబ్బించుకుని కూర్చుని, అందరి వంకా కోపంగా చూసింది.

"మేస్త్రీ గారూ," అంది మిలేదిస్, "ఈ కారు ఇన్నాళ్లూ మీ పెరట్లో, మా గోడ పక్కనేగా ఉంది. మీ పెట్టె మోతకి సముద్రం ఊగిపోయిందేమో గాని, మా పెట్ట మాత్రం గుడ్ల మీంచి లేవలేదు."

తాత నవ్వుకి డోమినో బిళ్లలన్నీ కింద పడ్డాయి. మేస్త్రీ మెడ గోక్కున్నాడు. "స్పీకర్లు మా బావమరిది పెళ్లికని పట్టుకెళ్లాడు. తేలేదు వెధవ. తెస్తాడు."

వాండెల్‌కి ఆ రోడ్డు చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. "మిలేదిస్, పాట... నీకోసమని..."

"ష్!" ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుంది. "పిల్లలయ్యే వేళ. కారు కదపొద్దు. ఎవరూ అరవొద్దు." డిక్కీ అంచు మీద ఒక పక్కకి సర్దుకుని కూర్చుంది. రెండో పక్క ఖాళీగా ఉంచింది. ఆ ఖాళీ తనకేనని అర్థం కావడానికి వాండెల్‌కి కాసేపు పట్టింది.

కూర్చున్నాడు. మోకాలు ఊగడం ఎప్పుడు ఆగిందో తెలీదు. తాత ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాడు. ఇద్దరూ ఆ బొక్కకి చెవులొగ్గారు. ఆమె జుట్టులో కొబ్బరినూనె వాసన.

పెట్టెలోంచి సన్నగా, దారమంత సన్నగా, "కీచ్" మంది.

మిలేదిస్ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"చూశారా!" అంటూ మేస్త్రీ ఎగిరి గంతేశాడు. "ఎంత తేటగా పలుకుతోందో! గుడ్డులోని పిల్ల గొంతు కూడా పొల్లు పోకుండా వినిపిస్తోంది! చెక్క అలాంటిది! చెయ్యి అలాంటిది!"

"మేస్త్రీ గారూ," అంది మిలేదిస్ తల తిప్పకుండానే, "కాస్త సౌండు తగ్గించండి."