మడిచి కట్టిన లుంగీ

తెనాలి నుంచి వచ్చే సాయంత్రం బండి నలభై నిమిషాలు ఆలస్యమని రేపల్లె స్టేషన్లో చెప్పగానే ఎదురుగా ఉన్న కమలమ్మ టీ కొట్టుకి చేరాం. నేనూ, రిటైరైన దేవదానం మాస్టారూ, హనుమాన్‌ప్రసాదూ. ప్రసాదుది చీరాల. ఇక్కడికి వచ్చి పదిహేనేళ్ళయింది. స్టేషన్ రోడ్డులో లుంగీలూ తువ్వాళ్ళూ అమ్మే కొట్టు పెట్టుకున్నాడు, ఇంటి వెనక వసారాలో ఇప్పటికీ ఒక మగ్గం మీద తనే నేస్తాడు.

ఆ రోజు అతను కూతురి కోసం వచ్చాడు. శ్రావణి బాపట్లలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఇరవై రోజులుగా వాళ్ళమ్మకి ఫోన్ చేస్తోంది గాని తండ్రితో మాట్లాడటం లేదు. ఎందుకని అడిగితే అతను చెప్పలేదు. బండి దిగాక అయినా తనతో మాట్లాడుతుందా లేదా అన్నది అతని బెంగ. పిల్లల్ని దూరాన ఉంచి చదివించేవాళ్ళకి ఆ బెంగ వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే ప్రసాదు బెంగగా కూచునే మనిషి కాదు. స్టేషన్ గేటు వైపు మొహం, రోడ్డు వైపు వీపు పెట్టి బల్ల మీద కూచుని, టీ గ్లాసు అందుకుంటూనే మొదలుపెట్టాడు.

"చొక్కా అండి. ఒక్క చొక్కా. నేను నేసిన గళ్ళ లుంగీ గుడ్డ, ఎరుపూ ఆకుపచ్చా గళ్ళు, అమ్మాయి ముచ్చటపడి చొక్కా కుట్టించుకుంది. మోచేతులు దాటి చేతులు, మెడ దాకా కాలరు, వంక పెట్టడానికి ఎక్కడా లేదు. అది వేసుకుని కాలేజీకి వెళ్తే ప్రిన్సిపాల్ గారు పిలిచి, లుంగీ గుడ్డ వేసుకొచ్చి ఏం స్టేట్‌మెంట్ ఇద్దామనుకుంటున్నావు అన్నారట. చొక్కా వేసుకున్నానండి, స్టేట్‌మెంట్ ఏమీ ఇవ్వలేదండి అని మా అమ్మాయి అందట. దాన్ని ఎదురు చెప్పడం కింద రాసుకున్నారు. మీరే చెప్పండి మాస్టారూ. ఇవే గళ్ళు పెద్ద షాపులో అద్దాల వెనక బొమ్మకి తొడిగితే ఫ్యాషన్ స్టేట్‌మెంటు. ఎన్నికలప్పుడు నాయకుడు భుజాన వేసుకుంటే రాజకీయ స్టేట్‌మెంటు. పైదేశం నుంచి వచ్చిన పెద్దమనిషి మెడలో వేసి ఫొటో తీస్తే రెండు దేశాల స్నేహానికి స్టేట్‌మెంటు. నేసినవాడి కూతురు వేసుకుంటే మాత్రం క్రమశిక్షణ తప్పడం. తండ్రిని పిలిపించు, తండ్రి వచ్చి స్టేట్‌మెంట్ రాసివ్వాలి అన్నారు."

అన్యాయమే అన్నారు మాస్టారు. అక్కడిదాకా మాకెవరికీ అనుమానం లేదు. ప్రసాదు చెవులు ఎర్రబడ్డాయి, టీ కూడా తాగలేదు. అప్పుడే బాపట్ల నుంచి వచ్చిన బస్సు ఒకటి మా వెనక రోడ్డు మీద కొంతమందిని దింపి వెళ్ళినా అతను అటు చూడలేదు. శ్రావణికి బస్సు ఎక్కితే కడుపులో తిప్పుతుంది, అందుకని ఎప్పుడూ రైల్లో తెనాలి మీదుగానే వస్తుంది.

"వెళ్ళాను. ఎలా వెళ్ళాననుకున్నారు? అదే తానులోంచి తీసిన గళ్ళ లుంగీ, మోకాలిపైకి మడిచి కట్టి మరీ వెళ్ళాను. పెద్దవాళ్ళు ఎదురైతే లుంగీ దించడం మన మర్యాద, అవునా? నేను దించలేదు. గేటు దగ్గర దించలేదు, ఆఫీసు ముందు దించలేదు, ప్రిన్సిపాల్ గదిలోనూ దించలేదు. నోరు తెరవకముందే నా స్టేట్‌మెంట్ సగం అయిపోయింది. మిగతా సగం ఒక్క ముక్క. ఈ గుడ్డ నేను నేశానండి, ఇందులో తప్పేమీ లేదు. అంతే అన్నాను. గట్టిగా కూడా అనలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

కమలమ్మ పాలగిన్నె మీంచి తల తిప్పకుండానే ఏమైందని అడిగింది.

"ఆయన లేచి నిలబడ్డాడు. కుర్చీలోంచి లేవడం ఆయనకి అలవాటు లేదట, లేవగానే గది బయట బంట్రోతు కంగారుపడి గంట కొట్టేశాడు, గంట వినగానే పిల్లలంతా క్లాసుల్లోంచి బయటికొచ్చారు, వాళ్ళ వెనకే లెక్చరర్లు. లెక్కల లెక్చరర్ ఉన్నాడే, ఆయన స్కేలు తెచ్చి నా లుంగీ గళ్ళు కొలవడం మొదలుపెట్టాడు. నేను నిలబడే ఉన్నాను, ఆయన మోకాళ్ళ మీద నా చుట్టూ తిరుగుతున్నాడు. నాలుగొందల గళ్ళు కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఆఖరికి, తప్పు నా స్కేలుదే అని దాన్ని అక్కడే విరిచేశాడు. మర్నాడు పొద్దునకి బాపట్లలో ప్యాంటు వేసుకున్న మగవాడు కనపడితే ఒట్టు. దండేల మీద ప్యాంట్లు ఆరుతున్నాయి గాని తీసుకునే నాథుడు లేడు. బ్యాంకులో లుంగీలే, కోర్టులో లుంగీలే. పెళ్ళికొడుకు ఒకడు సూటు కుట్టించుకుని, విప్పేసి లుంగీలో పీటల మీద కూచున్నాడు. సూర్యలంక సముద్రం దగ్గర చేపలు పట్టేవాళ్ళు కూడా లుంగీలే కట్టారు."

వాళ్ళు రోజూ కట్టేది లుంగీలే కదయ్యా అన్నారు మాస్టారు.

"రోజూ కట్టడం వేరు మాస్టారూ. ఆ రోజు ఉద్దేశపూర్వకంగా కట్టారు."

ఆ జవాబుకి మాస్టారు నవ్వేశారు.

"సరే, అక్కడితో ఆగిందా? ఆ మర్నాడు తెనాలి స్టేషన్లో ఒక గార్డు గారు ఉత్సాహం పట్టలేక జెండాకి బదులు నా లుంగీ ఊపాడు. అందులో ఎరుపూ ఉంది, ఆకుపచ్చా ఉంది. ముందు పెట్టెలకి ఆకుపచ్చ కనపడింది, వెనక పెట్టెలకి ఎరుపు కనపడింది. ముందు సగం వేమూరు దాటి భట్టిప్రోలు వచ్చేసింది, వెనక సగం తెనాలిలోనే ఉంది, మధ్య పెట్టెలో వాళ్ళు రెండు ఊళ్ళలోనూ ఒకేసారి ఉన్నారు. ఇదంతా ఫొటోలు తీసి పైకి పంపారు. పైకి అంటే ఎక్కడికో తెలుసా? ఢిల్లీకి. విదేశాంగం చూసే ఆఫీసుకి. అక్కడినుంచి ఫోను. ప్రసాదుగారూ, ఒక్క మాట మాట్లాడకుండా అంత పెద్ద స్టేట్‌మెంట్ ఎలా ఇచ్చారండి, మాకు కాస్త నేర్పుతారా అని."

నువ్వేమన్నావని నేనడిగాను.

"కొట్టు ఎవరు చూస్తారన్నాను. సంగతేంటంటే, రెండు దేశాలు. పేర్లు చెప్పకూడదు, మాటిచ్చాను. పదకొండేళ్ళుగా ఒకరి మీద ఒకరు స్టేట్‌మెంట్లు ఇచ్చుకుంటున్నారు. తీవ్రంగా ఖండిస్తున్నాం అని వీళ్ళు, మీరు ఖండించడాన్ని ఖండిస్తున్నాం అని వాళ్ళు. ఆందోళన చెందుతున్నాం అంటే ఏ ఆందోళనా లేదని అర్థం, నిశితంగా గమనిస్తున్నాం అంటే నిద్రపోతున్నారని అర్థం. అలాంటి రాయబారుల్ని ఇరవై నలుగురిని తీసుకొస్తాం, ఎక్కడ కూచోబెడదాం అన్నారు. ఢిల్లీ అంటే వాళ్ళలో ఒకరికి పడదు. తెనాలి జంక్షన్ వెయిటింగ్ రూము పెట్టండి, అక్కడ కూచున్న ప్రతివాడూ వేరే ఊరికి పోయేవాడే, ఎవరికీ అది సొంత ఊరు కాదు అన్నాను. అందరూ ఒప్పుకున్నారు."

టీలు ఎవరు పోశారని కమలమ్మ అడిగింది. అడుగుతూనే ప్రసాదు భుజం మీంచి రోడ్డు వైపు చూసి, ఒక గ్లాసు ఎక్కువ పోసి, మాట్లాడకుండా అటు అందించింది. ప్రసాదు గమనించలేదు.

"నువ్వే పోశావు అక్కా, నీకు గుర్తులేదు. ఇరవై నలుగురికీ తలా ఒక లుంగీ ఇచ్చాను. మడిచి కడితే యుద్ధం, దించితే సంధి, ఇంతకి మించి మాటలక్కర్లేదని చెప్పాను. మొదటి రోజు అందరూ మడిచే కట్టారు. ఒకాయన బల్ల గుద్దుదామని రెండు చేతులూ ఎత్తాడు. కొత్తగా కట్టిన లుంగీ, ముడి నిలవదు కదా, ఒక చెయ్యి కిందికి దించాల్సొచ్చింది. ఒంటి చేత్తో గుద్దితే బల్లకి లెక్కేంటి? ఇంకొకాయన వాకౌట్ చేద్దామని విసురుగా లేచాడు, మోకాళ్ళ దగ్గర జారింది, మళ్ళీ కూచున్నాడు. ఇక ఎవరూ లేవలేదు. లేవలేని మనుషులు ఎంతసేపని పోట్లాడుకుంటారు? మూడో రోజుకి ఒక్కొక్కరే దించారు. ఆఖరివాడు దించిన క్షణాన సరిహద్దులో సైనికులు తుపాకులు కింద పెట్టారట. ఉమ్మడి స్టేట్‌మెంట్ కాగితం మీద రాస్తే చిరిగిపోతుందని నా గుడ్డ మీదే రాశారు, గడికొక మాట. ఇప్పుడు చెప్పండి. రెండు దేశాలకి పనికొచ్చిన గుడ్డ, ఒక ఆడపిల్ల ఒంటి మీద ఉంటే కాలేజీకి పనికిరాదా? ఆ ప్రిన్సిపాల్ గారి ముందు ఆ రోజు లుంగీ దించి ఉంటే ఈపాటికి ఎంతమంది చచ్చిపోయేవాళ్ళో తెలుసా?"

"ప్యాంటు వేసుకొచ్చావు నాన్నా," అని వెనకనుంచి వినపడింది.

శ్రావణి. భుజాన సంచి, ఒంటి మీద అదే ఎరుపూ ఆకుపచ్చా గళ్ళ చొక్కా, చేతిలో సగం తాగిన టీ. మొహం ఇంకా బస్సు ప్రయాణంతో వాడిపోయి ఉంది. బాపట్లలో తెనాలి వెళ్ళే రైలు ఆలస్యమని తెలిసి బస్సెక్కిందట.

"నల్ల ప్యాంటు. ఇస్త్రీ చేసింది. బెల్టు కూడా పెట్టుకున్నావు. నేను ఆ గది బయటే ఉన్నాను."

ప్రసాదు కోతలు ఎవరైనా పట్టుకుంటే మేం నవ్వడం మామూలు. అతనూ నవ్వేవాడు. ఆ రోజు మాలో ఎవరూ నవ్వలేదు. అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. చల్లారిపోయి మీగడ కట్టింది.

"హాల్‌టికెట్ ఆపేస్తామన్నారమ్మా," అన్నాడు. ఇందాకటి గొంతు కాదది.

"తెలుసు. అందుకే సంతకం పెట్టావనీ తెలుసు. నాకు కోపం దానికి కాదు." ఆ పిల్ల గ్లాసులోకి చూస్తూ మాట్లాడింది. "నువ్వు రాసిన కాగితం నాకు చూపించి, కింద నా చేత కూడా సంతకం పెట్టించారు. మా అమ్మాయి నాసిరకం గుడ్డ వేసుకుని కాలేజీకి రావడం తప్పే అని రాశావు. నీ చేత్తో రాశావు నాన్నా. నాసిరకం అని."

వాళ్ళు చెప్పిందే రాశానని అతను అనబోయాడు. మాస్టారు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆ కండువా ప్రసాదు కొట్టులోదే. నా భుజం మీద తువ్వాలూ అక్కడిదే. పదేళ్ళుగా వాడుతున్నాం, ఒక పోగు లేచింది లేదు.

కమలమ్మ ఆ పిల్లని కూచోమంది. శ్రావణి తండ్రి పక్కనే కూచుంది. పరీక్షలు నిన్నటితో అయిపోయాయనీ, సోమవారం హాస్టల్ ఖాళీ చెయ్యాలనీ, సామాన్లకి తండ్రి రావాలనీ చెప్పింది. ఇరవై రోజుల తర్వాత అతనితో మాట్లాడుతున్న మాటలవి. అతను తలూపాడు.

"సామాన్లు ఎత్తాక ఆయన గదికి వెళ్దాం," అంది. "ఇందాక మొదట్లో ఒక ముక్క అన్నావు చూడు, అది చెప్పు చాలు."

"లుంగీలో రమ్మంటావా?"

"ప్యాంటులోనే రా. గట్టిగా కూడా అనక్కర్లేదు."

అయితే ఆ ఇరవై నలుగురు రాయబారులకీ కబురు పెట్టక్కర్లేదా అని కమలమ్మ అడిగింది. ఆ పిల్ల కాస్త నవ్వింది. ప్రసాదు నవ్వలేదు.

అప్పుడు కూత వేసుకుంటూ తెనాలి బండి వచ్చింది. అతను అలవాటుగా సగం లేచి గేటు వైపు చూశాడు, పక్కనున్న కూతుర్ని చూసి మళ్ళీ కూచున్నాడు. దిగినవాళ్ళు సంచులతో మా ముందు నుంచి వెళ్తున్నారు.

"ఈ గుడ్డ నేను నేశానండి," అన్నాడు. మాతో కాదు. శ్రావణి తన గ్లాసులో మిగిలిన టీ అతనికిచ్చింది. ఒక గుక్క తాగాడు.

"ఈ గుడ్డ నేను నేశానండి. ఇందులో తప్పేమీ లేదు."

ఆ తర్వాత ఏమైందో తెలుసా అంటాడని మేం ఎదురుచూశాం. అనలేదు. కూతురి సంచి భుజానికెత్తుకుని ఇంటివైపు నడిచాడు.