ఎనామిల్‌తో రాసిన మాట

అమ్మలారా, అయ్యలారా, బ్రష్ పట్టుకుని బతికే నా తోటివాళ్ళారా! మైకుకి అనుమతి రాలేదు, అందుకే గొంతు చించుకుంటున్నాను. వెనక గోడవారగా మామూలు బట్టల్లో నిలబడ్డ పోలీసు తమ్ముళ్ళూ, మీరూ ముందుకొచ్చి కూర్చోండి. ఎలాగూ వినడానికే వచ్చారు కదా! ముందు వరసలో రెండు పార్టీల పెద్దలూ ఉన్నారు. దండలు పెద్దవే తెచ్చారు. బతికుండగా ఆయన మిమ్మల్ని అడిగింది దండలు కాదు.

మా పెయింటరన్న పోయాడు. ఆయన నిచ్చెన పట్టుకుని, ఆయన చేత చివాట్లు తిని ఇంతవాణ్ణయ్యాను. ఇప్పుడు ఆయన గురించి మాట్లాడమంటే ఏం మాట్లాడను? ఇన్నాళ్ళూ ఆయన మాట్లాడేవాడు, నేను నవ్వేవాణ్ణి.

ఎన్నికలొస్తే ఊళ్ళో గోడలన్నీ మావే. పొద్దున ఒక పార్టీకి, మధ్యాహ్నం ఇంకో పార్టీకి రాసేవాళ్ళం. అన్నీ సున్నంలో కలిపిన రంగులే. "ఎన్నికల మాటలకి సున్నం రంగే మర్యాదరా. రెండు వానలకి పోతుంది. వాళ్ళ పరువూ దక్కుతుంది, మనకి మళ్ళీ పనీ దొరుకుతుంది" అనేవాడు.

అలాంటి మనిషి ఒక్కసారి నమ్మాడు. ఆ చట్టం వచ్చిన రోజులు గుర్తున్నాయా? ఎవర్నైనా, ఎందుకో చెప్పకుండా తీసుకెళ్ళొచ్చు. ఆయన తోడల్లుడు బస్సు కండక్టరు. సమ్మెలో ముందు నిలబడ్డాడని అన్నం ముందునుంచి లేపి తీసుకెళ్ళారు. వదినా, వాళ్ళ చెల్లెలూ చెప్పులరిగేలా తిరిగారు. ఏ స్టేషనుకెళ్ళినా "మా దగ్గర లేడు" అన్నారు. తిరిగొచ్చాక ఆ కండక్టరు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అప్పుడే ప్రతిపక్షం వాళ్ళు "మేం వస్తే ఆ చట్టం రద్దు చేస్తాం" అన్నారు. అన్న పొంగిపోయాడు. తన ఇంటి వీధి గోడ మీద ఆ మాట తనే రాశాడు, ఎనామిల్‌తో, రెండు పూతలు. "ఎన్నికల మాటకి ఆయిల్ రంగేమిటన్నా, మతిపోయిందా?" అని నేను గొడవపడ్డాను. "ఇది చెరిగిపోకూడని మాటరా" అన్నాడు.

వాళ్ళు గెలిచారు. చట్టం రద్దయిందా? ఎక్కడ! కుర్చీ ఎక్కాక వాళ్ళకీ అది ముద్దొచ్చింది. మిగతా గోడలన్నీ వానకి కడుక్కుపోయాయి, ఆ ఒక్క గోడా మిగిలింది. మనుషుల్ని పంపి దాని మీద సున్నం కొట్టించారు. ఎనామిల్ మీద సున్నం నిలుస్తుందా? నాలుగు ఎండలకే పెచ్చులు రాలి అక్షరాలు బయటికొచ్చాయి. వీధంతా నవ్వింది. ఆ నవ్వుకి శిక్ష ఆయనకి పడింది. ఆ చట్టం కిందే ఆయన్నీ తీసుకెళ్ళారు.

బయటికొచ్చాక వారం వారం స్టేషనులో సంతకం. గోడ గీకేస్తే కేసు ఎత్తేస్తామన్నారు. గీకలేదు. "తప్పు వాళ్ళది కాదురా, నా రంగుది. సున్నం చాలే మాటకి ఎనామిల్ వాడాను" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఈమధ్య పాత పార్టీవాళ్ళు, అసలా చట్టం తెచ్చినవాళ్ళే, ఇంటికొచ్చారు. ఈసారి మేం రద్దు చేస్తాం, ఊరంతా రాయి అన్నారు. "రాస్తాను. ఎనామిల్‌తోనే రాస్తాను, సరేనా?" అన్నాడు. ఆలోచించుకుని మళ్ళీ వస్తామని వెళ్ళారు. ఇదిగో, దండతో వచ్చారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయ్యలారా, మనకి మిగిలింది ఇంతేనా? ఓటు ఎవరికెయ్యాలో ఆయన చివరిదాకా తేల్చుకోలేకపోయాడు.

ఆయన పోయిన రోజు పొద్దున్నే ఛాతీలో నొప్పి అన్నాడు. వదిన ఆసుపత్రికి పోదామంది. "ముందు సంతకం. వెళ్ళకపోతే మళ్ళీ లోపలేస్తారు" అన్నాడు. సంతకం పెట్టాడు. ఆ స్టేషను బెంచీ మీదే ఒరిగిపోయాడు. నాకు ఇదే మింగుడుపడటం లేదు. ఆసుపత్రి ఆ పక్క వీధిలోనే ఉంది.

నిన్న ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చాడు. ఇల్లు ఇప్పుడు వదినది కాబట్టి, గోడ గీకించకపోతే కేసు ఆమె మీద పెడతామన్నాడు. ఇన్‌స్పెక్టరు గడప దాటాక వదిన నన్ను పిలిచి, "తమ్ముడూ, రద్దు అన్నచోట రంగు వెలిసింది. కాస్త దిద్దిపెడతావా?" అంది.

అందరం లేచి నిలబడదాం. ముందు వరసలోని పెద్దలూ, వెనకున్న తమ్ముళ్ళూ, మీరు కూడా. మా అన్న కోసం తలవంచి కాసేపు మాట్లాడకుండా ఉందాం. ఆ తర్వాత నన్ను తొందరగా పంపించండి. డబ్బా, బ్రష్షూ తలుపు దగ్గర పెట్టి వచ్చాను. వెలుగుండగానే పూత పడాలి.