విత్తుకుండ

కోవిల్‌పట్టి బస్టాండులో మదురై బస్సు కోసం నాగలాపురం రైతూ, కంప్యూటర్ సర్టిఫికెట్ పరీక్షకు పోతున్న అతని కూతురూ నిలబడ్డారు. ఆమె చేతిలో పరీక్ష హాల్‌టికెట్టు చెమటకు తడిసింది.

"బయంగా ఉండాది నైనా. తప్పితే మళ్ళా ఫీజంతా కట్టల్ల."

"తప్పవులే పాపా."

"కోచింగుకే ఎద్దులమ్మితివి. ఈ ఫీజు ఏడనుంచి తెస్తివి?"

తండ్రి తల తిప్పుకున్నాడు.

"విత్తుజొన్నలు అమ్మితివా? కరువులో పస్తులున్నా అవ్వ ఆ విత్తుకుండ ముట్టనీలేదే!"

"నీకు ఉద్యోగం వస్తే కొత్త విత్తులు కొందాము. వానకింకా నెల దినాలుండాది."

అంతలో టపటపా చినుకులు పడ్డాయి. తొలి చినుక్కి తలగుడ్డ తీసేసి, మొహం పైకెత్తి తడిసే మనిషి, ఈసారి చేతులు జోడించాడు.

"వానతల్లీ, ఇప్పుడే రావద్దు!"